హాజరుపట్టీలో ఎక్కని పరుగు

*తెల్లారితే ట్రాక్, తొమ్మిదిన్నరకి క్లాసు, సాయంత్రం మళ్లీ ట్రాక్, రాత్రికి రికార్డు పుస్తకం. చదువుతూ ఆడే కాలేజీ పిల్లల నెత్తిన ఇంత బరువూ పెట్టి ‘రెండూ చూసుకో’ అంటున్నాం. చూసుకోవాల్సింది వాళ్లొక్కరేనా?*

తెల్లవారుజామున 4:40. హాస్టల్ గదిలో మిగతా ముగ్గురూ నిద్రలో ఉన్నారు. అలారం మోగితే తిడతారని ఫోన్‌ని వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద దాచుకుంది. అది గుర్రుమనగానే లేచి, లైటు వేయకుండా, స్పైక్స్ చేత్తో పట్టుకుని వరండా చివరిదాకా వట్టికాళ్లతో నడిచింది. మెస్ ఏడున్నరకి గానీ తెరవరు. రాత్రే నానబెట్టుకున్న వేరుశనగ గుళ్లు, రెండు అరటిపళ్లు స్టీలు డబ్బాలో ఉన్నాయి. అవే టిఫిను.

ఇదంతా ఆమె చెప్పింది. నేను చూసింది ఐదుంబావు తర్వాత. గ్రౌండ్‌కి అవతల రోడ్డు మీద పాలవ్యాను తప్ప ఏమీ కదలడం లేదు. ఆమెది 800 మీటర్ల పరుగు. ఆ రోజు వర్కవుట్ నాలుగు మూడొందలు. మూడొందల మీటర్లు పరిగెత్తడం, మూడు నిమిషాలు నడవడం, మళ్లీ పరిగెత్తడం. మూడోది అయ్యాక మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి నిలబడింది. ముక్కు చివర నుంచి చెమట చుక్కలు ట్రాక్ మీద పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే గ్యాలరీ మెట్టు మీద పెట్టిన ఫోన్ వెలిగింది. క్లాసు గ్రూపులో మెసేజ్: ఇంటర్నల్స్ తేదీలు వచ్చాయి.

చూసింది. ఫోన్ బోర్లా పెట్టింది. నాలుగో మూడొందలు పరిగెత్తి వచ్చాక కోచ్ స్టాప్‌వాచ్ చూసి, “ఏమ్మా, ఏమైంది? రెండు సెకన్లు పోయాయి” అన్నారు.

“మీట్‌లో హీట్స్ ఉన్న రోజే కెమిస్ట్రీ ఇంటర్నల్ వేశారు సార్” అంది.

బీఎస్సీ రెండో సంవత్సరం. తండ్రి మిర్చి వేసే కౌలు రైతు. ఇంట్లో డిగ్రీదాకా వచ్చిన మొదటి మనిషి, ఆ ఊరి నుంచి యూనివర్సిటీ జట్టుకి ఎంపికైన మొదటి మనిషి కూడా ఆమే. “పేరు రాయొద్దు సార్. మా హెచ్‌వోడీ గారు పేపరు చదువుతారు” అంది.

గోపీచంద్ అన్న మాట

2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ ఒక ఇంటర్వ్యూలో అన్న మాట మన ఇళ్లలో ఇంకా నలుగుతూనే ఉంది. ఆస్తిపాస్తులో, కుటుంబ వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దనే సలహా ఇస్తానన్నది దాని సారాంశం. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన మనిషి, సైనాకీ సింధుకీ ఒలింపిక్ పతకాల దారి చూపించిన గురువు ఆ మాట అనేసరికి చాలామంది తండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. “చూశావా, ఆయనే అన్నాడు” అని రాకెట్లు అటకెక్కించినవాళ్లు నాకు తెలుసు.

కానీ ఆయన దిగులు ఆట గురించి కాదు. పతకం దాకా వెళ్లని వాళ్ల గురించి. దేశానికి ఒక సింధు వస్తే, ఆమె పక్క కోర్టుల్లో అన్నేళ్లు ఆడినవాళ్లు వందలమంది ఉంటారు. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి వాళ్ల చేతిలో డిగ్రీ ఉండదు, ఉద్యోగం ఉండదు, నలుగురిలో నాలుగు మాటలు మాట్లాడే ధైర్యమూ ఉండదు. ఆయన వేలు పెట్టి చూపించింది ఆ గుంతని. మనమేమో గుంత పూడ్చే సంగతి వదిలేసి, ఆ దారినే మూసేయాలన్నట్టు విన్నాం.

ఆయన కథలోనే ఇంకో ముక్క ఉంది. అన్నదమ్ములిద్దరూ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు. అన్నకి ఐఐటీలో సీటొచ్చింది, ఆట ఆగిపోయింది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పిన తమ్ముడు ఆటలో మిగిలాడు. పరీక్ష తప్పడమే తన అదృష్టమని గోపీచంద్ చాలా వేదికల మీద చెప్పారు. వింటే ముచ్చటగా ఉంటుంది. నాకు మాత్రం విన్న ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరు ఆట వదలాలి, ఒకరు పరీక్ష తప్పాలి. అంతకుమించి మన దగ్గర మూడో దారి లేకపోయింది.

ముప్పై రెండు రోజుల లెక్క

ఆ అమ్మాయితో గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఒక సెమిస్టరు లెక్క వేశాం. సెమిస్టరుకి సుమారు 90 పనిదినాలు. హాజరు 75 శాతం ఉండాలి. అంటే 22 రోజులు మానొచ్చు.

ఆమెకి అంతర కళాశాలల పోటీలు నాలుగు రోజులు. యూనివర్సిటీ జట్టు శిక్షణ శిబిరం పన్నెండు రోజులు. రాష్ట్రస్థాయి మీట్ ఐదు రోజులు. అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలు రానూపోనూ రైలు ప్రయాణంతో కలిపి పదకొండు రోజులు. మొత్తం ముప్పై రెండు. 90లో 32 తీసేస్తే 58. శాతంలో 64.

మన యూనివర్సిటీల్లో చాలాచోట్ల 65 నుంచి 75 మధ్య హాజరు ఉంటే కండోనేషన్ ఫీజు కట్టించుకుని పరీక్షకి కూర్చోనిస్తారు. 65 దాటకపోతే డిటెన్షన్. అంటే జ్వరం, పెళ్లి, పండగ అని ఒక్కరోజు కూడా మానకుండా, తన యూనివర్సిటీ కోసమే పరిగెత్తిన పిల్ల ఆ యూనివర్సిటీ నిబంధన ప్రకారమే ఏడాది పోగొట్టుకునే అంచున నిలబడింది. ఆటకి వెళ్లిన రోజుల్ని ‘ఆన్ డ్యూటీ’గా రాయడం చాలా కాలేజీల్లో ఉంది. రాసే చెయ్యి ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఉత్తరం ఇస్తారు, ప్రిన్సిపాల్ సంతకం పెడతారు, అది డిపార్ట్‌మెంటుకి వెళ్తుంది. అక్కడ ఒక లెక్చరర్ “నా క్లాసులో నువ్వు లేవు కదమ్మా, ఉన్నట్టు ఎలా రాయను?” అంటారు. ఆయన మాటా తప్పు కాదు. రాయమని ఆయనకి చెప్పే నియమం చేతిలో లేదు.

హాజరు వేసినా సమస్య సగమే తీరుతుంది. టైట్రేషన్ చేయని చేతికి హాజరు వేస్తే టైట్రేషన్ రాదు. ఆ ముప్పై రెండు రోజుల్లో పోయిన పాఠం ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. స్నేహితురాలు ఫోటోలు తీసి పంపిన నోట్సు, యూట్యూబు, రైల్లో పై బెర్తు. చదువంటే అదే.

> అంకెల్లో ఆట కోటా
>
> • రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ ప్రవేశాల్లో క్రీడాకారుల కోటా అర శాతం. 200 సీట్లకి ఒకటి.
>
> • ఐఐటీ మద్రాస్ 2024–25 నుంచి క్రీడాకారులకి ప్రత్యేక ప్రవేశాలు మొదలుపెట్టింది. ప్రతి బీటెక్, బీఎస్ కోర్సులో రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకి. ఐఐటీల్లో ఇదే మొదటిది.
>
> • ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన క్రీడాకారుడిపై కేంద్రం ఏడాదికి రూ.6.28 లక్షల చొప్పున కేటాయిస్తుంది. అందులో చేతిఖర్చు నెలకి రూ.10,000.
>
> • కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో అంతర విశ్వవిద్యాలయ పోటీల ప్రతిభకి పనికొచ్చేది ‘ఫారం–3’. దాని మీద సంతకం యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతిది.
>
> • ఆంధ్రప్రదేశ్ 2024లో తెచ్చిన కొత్త క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది.

ఆదివారం తెరిచిన ల్యాబు

నేనూ డిగ్రీలో ఖోఖో ఆడాను. పెద్ద ఆటగాణ్ణేం కాదు, జిల్లా దాటింది రెండుసార్లు. రెండో ఏడు కాలేజీ జట్టు ఫైనల్, కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒకే రోజు పడ్డాయి. అప్పటికి ఎవరిని అడగాలో కూడా తెలియదు. మేడమ్ గారి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర అరగంట నిలబడి, చెప్పలేక తిరిగొచ్చేశాను. మర్నాడు ఆవిడే పిలిచి, “ఆటకి వెళ్లి రా. ఆదివారం పొద్దున ఎనిమిదికి ల్యాబు తీయిస్తాను” అన్నారు.

ఆదివారం ఆవిడ తడి జుట్టు ముడేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అటెండర్‌కి ఆటో డబ్బులు ఆవిడే ఇచ్చారు. ఆ పాప స్టూలు మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటుంటే నేను సాల్ట్ అనాలిసిస్ చేశాను. పరీక్షనాళికలో తెల్లటి అవక్షేపం దిగడం కోసం ముగ్గురం కళ్లు ఆర్పకుండా చూశాం. అటు ఫైనల్ ఓడిపోయాం. కానీ నా ఏడాది పోలేదు.

మా జట్టులో నాకంటే ఎంతో బాగా ఆడినవాడు, పోల్ తిరిగితే గాలి కోసినట్టుండేది, వేరే గ్రూపు చదివేవాడు. వాడి డిపార్ట్‌మెంటులో అలాంటి మేడమ్ లేరు. ఇంటర్నల్ మార్కులు పోయాయి, సబ్జెక్టులు మిగిలాయి, మూడో ఏడు వాళ్ల నాన్న వచ్చి కిట్ బ్యాగు తీసుకెళ్లిపోయాడు. ఇప్పుడు ఊళ్లో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. సంక్రాంతికి కలిస్తే “నీకు ఆ మేడమ్ దొరికిందిరా” అంటాడు. నన్ను నిందించే గొంతు కాదు. అయినా ఆ మాట దగ్గర నాకు జవాబుండదు.

ఒక మంచి మనిషి దొరకడం మీద పిల్లల భవిష్యత్తు ఆధారపడకూడదు. నేను ఈ కథనం రాయడానికి కారణం అదే. ఆవిడ ఆదివారం చేసిన పని సోమవారం ఆఫీసు పనిగా జరగాలి.

ఇంటర్ దగ్గర తెగే దారం

కాలేజీ ఆటగాళ్ల గురించి మాట్లాడుతూ ఇంటర్మీడియట్‌ని వదిలేస్తే కుదరదు. మన రెండు రాష్ట్రాల్లో ఆట ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. పదో తరగతి దాకా జిల్లా మెడల్స్ తెచ్చిన పిల్లకి ఇంట్లో వినిపించే మాట ఒకటే: “ఈ రెండేళ్లు ఆపవే తల్లీ, తర్వాత ఎంత కావాలంటే అంత ఆడుకుందువు.” ప్రేమతోనే అంటారు. తెల్లవారి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదింటిదాకా నడిచే రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పిస్తారు. అపార్ట్‌మెంట్ లాంటి భవనం, మెట్ల పక్కన చెప్పుల స్టాండు. గ్రౌండ్ ఉండదు.

పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వయసు పరుగుకీ, దూకడానికీ, ఒంటికి బలం పట్టడానికీ చాలా కీలకం. ఆ రెండేళ్లు కుర్చీలో గడిపి డిగ్రీలో మళ్లీ బూట్లు కట్టుకున్న పిల్ల ఒళ్లు వేరు. ఎదుటి లేన్‌లో హరియాణా నుంచో కేరళ నుంచో వచ్చిన అమ్మాయి ఆ రెండేళ్లూ ఆపకుండా పరిగెత్తి ఉంటుంది.

ఇక్కడ ఇంటి తెలివిడి ఎంత పని చేస్తుందో చూడండి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. అమలాపురం నుంచి వచ్చిన బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఏ టోర్నమెంట్‌కి వెళ్లాలి, ఏ పరీక్ష రెండోసారి రాసినా ఫర్వాలేదు, గాయమైతే ఎవరి దగ్గరికి పరిగెత్తాలి అన్నది ఆ ఇళ్లలో అన్నం దగ్గరే తేలిపోతుంది. సింధు అటు ఒలింపిక్ పతకాలూ తెచ్చింది, ఇటు హైదరాబాద్ సెయింట్ ఆన్స్‌లో ఎంబీఏ దాకా చదివింది. మిర్చి చేలో పనిచేసే అమ్మానాన్నలకి ఆ తెలివిడి ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటి పిల్లకి కాలేజీయే ఆ ఇల్లు కావాలి.

అయిన సందర్భాలూ ఉన్నాయి. టీ అమ్మే తండ్రి కూతురు అగసర నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివింది. సంగారెడ్డిలోని గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలో బీబీఏ చేస్తూనే నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ తీసుకుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, చివర 800 మీటర్లు. తిండీ, బసా, చదువూ ఒక చోట దొరికితే ఆ ఇంటి పిల్ల ఎంత దూరం వెళ్తుందో అందులో కనపడింది.

13.03: ఎక్కని రికార్డు

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ ఇంకో రకం. తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో దాటింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధ బిశ్వాల్ నెలకొల్పిన 13.38. పద్దెనిమిదేళ్ల నాటి రికార్డుని సెకనులో మూడో వంతుకి పైగా కొట్టేసింది. కానీ లెక్కలోకి రాలేదు. ఆ మీట్‌లో డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు.

రికార్డు ఆమె పేరు మీదకి రావడానికి రెండేళ్లకి పైగా పట్టింది. 2022 మేలో సైప్రస్‌లో 13.23తో వచ్చింది. అదే ఏడాది 13 సెకన్ల లోపు పరిగెత్తిన తొలి భారత మహిళ అయింది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డులో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం గెలిచింది. ఆ క్రీడల్లో మన విద్యార్థులు 11 స్వర్ణాలతో మొత్తం 26 పతకాలు తెచ్చారు. జ్యోతి బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ కూడా అయింది.

కాలేజీ ఆటని మనం ఏ వరసలో కూర్చోబెట్టామో ఆ 13.03 చెబుతుంది. పిల్ల తన పని చేసింది. పక్కన ఉండాల్సిన పెద్దలు లేరు.

నిఖత్ జరీన్‌ది గాయం కథ. నిజామాబాద్ నుంచి వచ్చి హైదరాబాద్ ఏవీ కాలేజీలో బీఏ చదివింది. గోపీచంద్ చదివిందీ ఆ కాలేజీలోనే. 2015లో అంతర విశ్వవిద్యాలయ బాక్సింగ్‌లో ఉత్తమ బాక్సర్. 2017లో అలాంటి పోటీల్లోనే భుజం ఎముక పక్కకి జరిగి ఏడాది పాటు రింగ్‌కి దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఆ ఏడాదిని ఎవరూ తలుచుకోరు. నాకు మాత్రం అదే గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ భుజం నిఖత్‌ది కాబట్టి మనకి తెలిసింది. ప్రతి సీజన్‌లో మోకాలి లిగమెంటు తెగి, ఎంఆర్‌ఐ ఖర్చుకి వెనకాడి, పసుపు పట్టీ వేసుకుని హాస్టల్ గదిలో పడుకునే పిల్లలు మనకి తెలియరు.

ఒళ్లు, మనసు, ఒక డబ్బా పొడి

పీడీలనీ, కోచ్‌లనీ, ఆడపిల్లలనీ అడిగితే చదువు కంటే ముందు తిండి మాట వచ్చింది. మెస్‌లో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పుచారు, వారానికి రెండు గుడ్లు. రోజుకి రెండు పూటలా పరిగెత్తే ఒంటికి అది చాలదు. ఖర్చు పెట్టిన శక్తికి తగ్గ తిండి లేకపోతే అమ్మాయిల్లో నెలసరి తప్పుతుంది, ఎముక పలచనవుతుంది, కాలి ఎముకలో సన్నటి పగుళ్లొస్తాయి. నెలసరి రాకపోతే ‘ప్రాక్టీసు బాగా చేస్తున్నావన్న మాట’ అని సర్దిచెప్పుకునే అమ్మాయిలున్నారు. అది ఒళ్లు ఇస్తున్న హెచ్చరిక. మగ కోచ్‌తో చెప్పలేరు. చెప్పుకోడానికి ఇంకెవరూ ఉండరు.

ఇక జిమ్‌లో ఎవరో అన్న ఇచ్చే డబ్బా. లేబుల్ మీద ప్రొటీన్ అని ఉంటుంది, లోపల ఏముందో తెలియదు. డోపింగ్ నిబంధన చాలా కఠినం. నిషేధిత పదార్థం ఒంట్లో దొరికితే తెలిసి తిన్నావా తెలియక తిన్నావా అన్నది తర్వాతి మాట, ముందు బాధ్యత ఆటగాడిదే. ఈ ఒక్క సంగతి మొదటి సంవత్సరం మొదటి వారంలో గంటసేపు కూర్చోబెట్టి చెప్పొచ్చు. చెప్పే కాలేజీలు చాలా తక్కువ.

మనసు సంగతి ఇంకా చెప్పుకోం. ఓ హాకీ కుర్రాడు అన్నాడు: “ఇంట్లో, ఊళ్లో, క్లాసులో అందరూ నన్ను హాకీ వాడనే పిలుస్తారు సార్. చీలమండ విరిగాక మూడు నెలలు నేనెవరో నాకే తెలియలేదు.” ఈ వయసు పిల్లలకి ఆట ఒక్కటే తమ పేరైపోతే, ఆట ఆగిన రోజు పేరే పోయినట్టవుతుంది. డిగ్రీ చదవడం ఉద్యోగం కోసమే కాదు. బ్యాంకు ఖాతా చూసుకోవడం, ఒప్పందం కాగితం చదివి సంతకం పెట్టడం, కోచ్ తప్పుగా ప్రవర్తిస్తే నోరు తెరిచి చెప్పడం, ఓడిపోయాక నలుగురిలోకి రావడం ఇవన్నీ నేర్చుకునేది ఆ మూడు నాలుగేళ్లలోనే. మన దగ్గర ఆటగాళ్లని ఆ మూడు నాలుగేళ్లు గ్రౌండ్‌లో దాచేస్తున్నాం.

> అక్కడ ఎలా?
>
> • అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో ఆటకి కేటాయించే సమయం వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు దాటకూడదు. వారంలో ఒక రోజు సెలవు తప్పనిసరి. నిర్ణీత మార్కులు, క్రెడిట్లు లేకపోతే జట్టులో చోటుండదు. స్వచ్ఛందం పేరుతో ఆ గంటలు దాటిపోతున్నాయన్న విమర్శ అక్కడా ఉంది.
>
> • యూరోపియన్ యూనియన్ 2012లో క్రీడాకారుల ‘జంట జీవితం’పై మార్గదర్శకాలు తెచ్చింది. చదువునీ ఆటనీ కలిపి నడిపించడం ప్రభుత్వాల, విద్యాసంస్థల బాధ్యత అన్నది వాటి సారం.
>
> • బ్రిటన్‌లో టాస్ అనే పథకం 2004 నుంచి చదువుకునే క్రీడాకారులకి సాయం అందిస్తోంది.

రెండు తేదీలు ఒకే కాగితం మీద

ఏం చేయాలని అడిగితే పెద్ద పెద్ద స్టేడియాల మాట వస్తుంది. స్టేడియాలు కావాల్సిందే. కానీ నేను మాట్లాడిన ప్రతి విద్యార్థీ అడిగింది చాలా చిన్నది. ఇంటర్నల్స్ తేదీలూ మీట్ తేదీలూ ఒకే మనిషి ఒకే కాగితం మీద చూడాలి. పీడీ దగ్గర ఒక క్యాలెండర్ ఉంటుంది, పరీక్షల విభాగం దగ్గర ఇంకోటి. ఆ రెండూ కలిసేది పిల్ల ఫోన్లో మాత్రమే, అదీ ఆలస్యంగా.

ప్రతి కాలేజీలో ఒక అధ్యాపకుడికో అధ్యాపకురాలికో ఈ పని అప్పగించి, అందుకు వాళ్ల క్లాసుల భారం కొంత తగ్గించాలి. సీజన్ మొదట్లోనే జట్టు పిల్లల జాబితా, పోటీల తేదీలు డిపార్ట్‌మెంట్లకి చేరాలి. యూనివర్సిటీ తరఫున ఆడిన రోజుకి హాజరు ఎవరి దయా లేకుండా పడాలి. తప్పిపోయిన ఇంటర్నల్‌కి అదే సెమిస్టరులో మరో తేదీ ఇవ్వాలి. సప్లీ పేరుతో కాదు, మార్కుల్లో కోత లేకుండా. ల్యాబు పోయిన పిల్లలకి నెలకో ఆదివారం ల్యాబు తీయాలి, వచ్చిన అధ్యాపకులకీ అటెండర్‌కీ ఆ రోజు జీతం ఇవ్వాలి. మెస్‌లో తెల్లవారి ఐదింటికి ఉడికించిన గుడ్లూ పాలూ దొరకాలి. ఇందులో కోట్లు కావాల్సిన పని ఒక్కటీ లేదు.

మూడేళ్ల డిగ్రీ నాలుగేళ్లలో చదివే వీలు మాత్రం పైనుంచి రావాలి, కొంత వచ్చింది కూడా. 2020 జాతీయ విద్యా విధానం మధ్యలో ఆపి మళ్లీ చేరే అవకాశం ఇచ్చింది. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో చదివినంత మేర క్రెడిట్లు భద్రంగా ఉంటాయి. మేజర్ పోటీ ఉన్న సెమిస్టరులో ఆరు సబ్జెక్టుల బదులు మూడే తీసుకుని, మిగతావి తర్వాత చదువుకునేలా క్రీడాకారులకి దాన్ని వాడొచ్చు. కానీ అలా వాడుకోవచ్చని నేను కలిసిన పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఏడాది ఆలస్యమైతే ఫెయిలైనట్టు చూసే మన కళ్లు కూడా కొంచెం మారాలి.

కోచ్‌లకి ఒక మాట. “చదువు చదువు అంటే పతకం రాదు” అనే కోచ్‌లని నేను చూశాను. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ని దేశానికి తలమానికం చేసిన రహీం సాబ్ ఉస్మానియాలో చదివిన మనిషి, బడిలో పాఠం చెప్పిన పంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం మన జట్టుకి ఆయన శిక్షణలోనే వచ్చాయి. చదువూ ఆటా ఒకే గూట్లో ఉండొచ్చనడానికి ఇంకో గుర్తు: క్రీడల విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దిల్లీ ప్రభుత్వం తొలి వైస్ ఛాన్సలర్‌గా 2021లో పిలిచింది మన సిక్కోలు బిడ్డ, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిని.

ఏడున్నర

ఎండ గ్యాలరీ మూడో మెట్టుదాకా వచ్చింది. ఆ అమ్మాయి స్పైక్స్ విప్పి, వాటి మేకుల్లో ఇరుక్కున్న మట్టిని అగ్గిపుల్లతో గీకుతోంది. బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన చార్టు ముక్క తీసి చూపించింది. తనే గీసుకున్న క్యాలెండర్. స్కేలు పెట్టి గళ్లు కొట్టింది. మీట్‌లకి ఆకుపచ్చ స్కెచ్, పరీక్షలకి ఎరుపు. గోడకి అంటించిన సెల్లోటేపు మూలల్లో ఇంకా ఉంది.

“పొద్దున్నే చూసుకుంటే దిగులేస్తోందని తీసేశా” అంది.

కొత్తగా వచ్చిన ఇంటర్నల్స్ తేదీలు ఫోన్‌లో చూసుకుంటూ నాలుగు గళ్ల పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టింది. ఆ నాలుగూ అప్పటికే ఆకుపచ్చగా ఉన్నాయి. పీడీ సార్ ఇచ్చిన ఉత్తరం రికార్డు పుస్తకంలో అట్టకీ మొదటి పేజీకీ మధ్య నలగకుండా పెట్టుకుంది. తొమ్మిదింబావుకి హెచ్‌వోడీ గారు వస్తారు. వెళ్లి అడగాలి.

“ఏమంటారో?” అన్నాను.

“మొన్నొకసారి ఒప్పుకున్నారు సార్. మొన్నొకసారి ఒప్పుకోలేదు” అంది. ఎర్ర స్కెచ్ మూత తీసి, ఒక్క క్షణం చార్టు మీద పట్టుకుని, మళ్లీ మూత పెట్టేసింది.